కొండవాళ్ళ రక్తం

బైత్ మర్వాన్, మహ్వీత్ కొండ
రజబ్ 9, 1407

తమ్ముడు ముతహ్హర్‌కు,

అల్లా నిన్నూ నీ ఇంటినీ చల్లగా చూడాలి. నేను కులాసా. వానలు ఇంకా రాలేదు. జొన్న విత్తడానికి అందరూ మబ్బుల వైపు చూస్తున్నారు.

ఎదురింటి తఖియా చిన్నకొడుకు ముర్షిద్ పోయాడు. నీకు తెలిసే ఉంటుంది. ఖాత్ ఆకు మూటలతో తీరానికి దిగుతుంటే మలుపులో బండి బోల్తా పడిందట. బండి నడిపింది అబకర్. తీరంవాడు, మన ఊరి ఆకు కిందికి చేరవేసేవాడు. అతనే ముర్షిద్‌ను మీ ఆసుపత్రికి తెచ్చాడు. "మా ఊరి డాక్టరే చూశాడు, ఏం లేదన్నాడు" అని ముర్షిద్ బయటికొచ్చి సంబరంగా చెప్పాడట. ఆ రాత్రి అబకర్ గుడిసెలో పడుకున్నాడు. తెల్లవారేసరికి లేడు. శవాన్ని అబకరే పైకి తెచ్చాడు. ఒంటి మీద గాయం లేదు.

తఖియా తినదు, మాట్లాడదు. నిన్న మాత్రం నా చెయ్యి పట్టుకుని, "వదినా, నీ తమ్ముడు చూశాడట కదా. నా బిడ్డ ఎలా ఉన్నాడో ఒక్క ముక్క రాయమను" అంది.

రాయి. ఈ ఉత్తరం తెచ్చిన టాక్సీ అతని చేతికే జవాబు ఇవ్వు.

నీ అక్క
అమతుల్లతీఫ్

హుదైదా
రజబ్ 12

అక్కా,

సలాం. నీ ఉత్తరం అందింది. ముర్షిద్ పోయిన సంగతి నాకు తెలియదు. ఇక్కడినుంచి నడిచి వెళ్ళాడు అక్కా, నవ్వుకుంటూ వెళ్ళాడు.

ఆ సాయంత్రం వరండా నిండా జనం. పడవల దగ్గర గొడవ, కత్తిపోట్లు. ఆ మధ్యలో వీడు. "డాక్టరు గారూ, కొండ మీద ఎముకల గూడులా ఉండేవారట, సముద్రం చేప బాగా ఒళ్ళు పట్టించింది మీకు" అన్నాడు. ఎడమ పక్కటెముకల దగ్గర నొప్పి అన్నాడు. నాడి వేగంగా ఉంది. దవడలో ఖాత్ ముద్ద ఉంది మరి, ఆ ఆకు నమిలితే నాడి పరిగెత్తదా. ఉమ్మెయ్యరా అంటే ఆ దవడ నుంచి ఈ దవడకు మార్చాడు. నేను ఊరుకోలేదు, లోపల ఎక్కడైనా రక్తం కారుతోందేమోనని పరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ పదమూడున్నర. మగవాడికి అది నిండు రక్తం. పొద్దుటిదాకా ఉండమంటే, "మూటల్లో ఆకు వాడిపోతుంది, మా అన్న నాజీ నా తోలు తీస్తాడు" అని లేచాడు. సరే పొమ్మన్నాను.

తఖియా వదినకు చెప్పు. నా చేతిలోంచి వెళ్ళేటప్పుడు వాడి రక్తం నిండుగా ఉంది. లోపల ఎక్కడా కారడం లేదు. తర్వాత ఏం జరిగిందో అల్లాకే తెలియాలి. విధి.

ఇక్కడ అప్పుడే ఉక్క మొదలైంది. నీ మరదలు పిల్లల్ని తీసుకుని మేడ మీద పడుకుంటోంది. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ తమ్ముడు
ముతహ్హర్

బైత్ మర్వాన్
రజబ్ 17

తమ్ముడికి,

నీ మాట తఖియాకు చెప్పాను. ఏడ్చింది. ఆ రోజు నిద్రపోయింది. నీకు పుణ్యం.

కానీ ఆ మాట పెద్దకొడుకు నాజీ చెవిన కూడా పడింది. వాకిట్లో నిలబడి అందరూ వినేలా అన్నాడు: "ఆసుపత్రిలో నిండుగా ఉన్న రక్తం ఆ గుడిసెలో ఎట్లా ఆరిపోయిందిరా? బండి చంపలేదు. డాక్టరు చూసి పంపాడు. ఇంక మిగిలిందెవరు?"

మిగిలింది అబకర్. కిందటి నెల సంతలో ముర్షిద్ అతని నలుపును, "నీ మొహానికి రాత్రి దీపం కూడా దండగ" అని నలుగురిలో ఎగతాళి చేశాడట. అతను బండి దిగి ముర్షిద్ చొక్కా పట్టుకున్నాడట. ఇప్పుడు అందరికీ అది గుర్తొచ్చింది. "దాహం దాహం అంటుంటే నీళ్ళిచ్చాను" అని అబకర్ చెప్పాడు. "ఆ నీళ్ళలో ఏం కలిపావో అది చెప్పు" అని నాజీ.

అబకర్‌ను ఊరి పెద్ద షేకు ఇంటి కింది గదిలో పెట్టారు. కాలికి ఇనుప సంకెల వేశారు.

నా సంగతి. మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నమాజులో రెండుసార్లు కళ్ళు తిరిగాయి. మన క్లినిక్‌కు వచ్చిన కొత్త డాక్టరు రక్తం చూశాడు. పన్నెండున్నర ఉందట. "సముద్రం దగ్గరైతే చాలమ్మా, ఇంత ఎత్తులో ఇది తక్కువే" అని ఇనుము మాత్రలు ఇచ్చాడు. గాలి పలచన కాబట్టి కొండవాళ్ళ రక్తం చిక్కగా ఉంటుందట. గుండె కూడా కొంచెం బలహీనమట. కొండ దిగి ఎక్కే ప్రయాణాలు వద్దన్నాడు. రక్తానికి కూడా ఊరు ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

నీ అక్క

బైత్ మర్వాన్
రజబ్ 26

తమ్ముడికి,

టాక్సీ రెండుసార్లు వచ్చింది. నీ జవాబు రాలేదు. నీ పేరు ఈ గొడవలో నలిగిందని కోపమా? తల్లి అడిగింది, నేను చెప్పాను. అందులో తప్పు ఉంటే నాదే. ఒక్క ముక్క రాయి.

నీ అక్క

హుదైదా
రజబ్ 28

అక్కా,

కోపం కాదు. పని.

నాకు రెండు విషయాలు కావాలి. ముర్షిద్‌కు ఇంతకు ముందు ఎప్పుడైనా మన క్లినిక్‌లో రక్తం చూశారా? చూస్తే ఎంత? రెండోది, ఆ రాత్రి ఏం జరిగిందో అబకర్‌నే అడగాలి. చెమట పట్టిందా? చేతులు చల్లబడ్డాయా? ఎడమ భుజం నొప్పి అన్నాడా?

ఎందుకని అడగకు. ఎవరికీ తెలియకుండా కనుక్కో.

ముతహ్హర్

బైత్ మర్వాన్
షాబాన్ 2

తమ్ముడికి,

ఎవరికీ తెలియకుండా అన్నావు. ఈ ఊళ్ళో పుట్టినవాడివి, ఆ మాట ఎలా రాశావు? నేను తఖియాను అడిగింది పొద్దున. మధ్యాహ్నం నమాజుకల్లా నాజీకి తెలిసింది.

నువ్వడిగింది దొరికింది. కిందటేడు తన చెల్లెలి కాన్పుకు ముర్షిద్ రక్తం ఇచ్చాడు. పదహారున్నర. "ఇది మనిషి రక్తం కాదు, గుర్రం రక్తం" అని అప్పటి డాక్టరు నవ్వాడని తఖియాకు గుర్తు. చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కొంచెం గర్వం కనపడింది. కొడుకు పోయాక అదే మొదటిసారి.

నాజీ దాన్ని ఇంకోలా పట్టుకున్నాడు. "డాక్టరు విషం జాడ వెతుకుతున్నాడు. పదహారున్నర ఉన్న రక్తాన్ని ఏదో తినేసింది" అని షేకు దగ్గర చెప్పాడు. ఆ సాయంత్రం అబకర్ కుడి చేతి వేళ్ళు విరిచారు.

మర్నాడు రొట్టె తీసుకుని వెళ్ళాను. కాపలావాడు ఆడమనిషినని అడ్డు చెప్పలేదు. నువ్వడిగినవి అడిగాను.

"చెమటలేనమ్మా. నా పక్కబట్ట తడిసిపోయింది. చెయ్యి పట్టుకుంటే ఐసు. ఎడమ భుజం లాగేస్తోందన్నాడు. దెబ్బ డొక్కలో, నొప్పి భుజంలోనా, కొండవాళ్ళకి ఒళ్ళు కూడా తలకిందులేనా అని నవ్వాను. వాడూ నవ్వాడు. నీళ్ళు అన్నాడు, ఇచ్చాను. మళ్ళీ అన్నాడు, మళ్ళీ ఇచ్చాను. ఆసుపత్రికి పోదాం లేరా అన్నాను. మా డాక్టరు ఏం లేదన్నాడు కదా, పడుకో అన్నాడు."

అంతే చెప్పాడు. తర్వాత రొట్టె ఎడమ చేత్తో తిన్నాడు.

షేకు గడువు పెట్టాడు. షాబాన్ చివరి శుక్రవారం. ఆ లోపల అబకర్ నిర్దోషి అని యాభై మంది ప్రమాణం చేయాలి. మన కొండమీద అతనికి ఎవరున్నారు? కిందినుంచి భయంతో ఒక్కడూ పైకి రాడు. ప్రమాణాలు లేకపోతే నేరం ఒప్పుకున్నట్టే. తర్వాత అతని ప్రాణం నాజీ చేతిలో.

నువ్వు కూడా విషమే అనుకుంటున్నావా? అనుకుంటే రాయి. కాకపోతే త్వరగా రాయి.

నీ అక్క

హుదైదా
షాబాన్ 6

అక్కా,

విషం కాదు.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ముర్షిద్‌ది ప్లీహం చిట్లింది. ఎడమ డొక్కలో, పక్కటెముకల కింద. కడుపులోకి రక్తం కారింది. భుజం నొప్పి దాని గుర్తు. దాహం, చెమట, చల్లని చేతులు, అన్నీ దాని గుర్తులే. నా ముందు కూర్చున్నప్పుడే కారడం మొదలైంది.

పదమూడున్నర ఇక్కడివాళ్ళకు నిండు. నేను చదివిన పుస్తకం సముద్రం ఒడ్డున రాసింది. పదహారున్నర వాడికి పదమూడున్నర అంటే అప్పటికే చాలా పోయిందన్నమాట. నేను ఆ కొండ మీదే పుట్టాను, నాకు తెలిసి ఉండాలి. పదిహేనేళ్ళు ఈ గాలి పీల్చి మర్చిపోయాను. నీ ఉత్తరంలో నీ పన్నెండున్నర చూసి ఆ రోజంతా కుర్చీలోంచి లేవలేదు. అందుకే జవాబు రాయలేదు.

ఇంకోటి ఉంది. మజ్జిగ కుండకు చిల్లు పడితే మజ్జిగ తగ్గుతుంది కానీ పలచబడదు. నీళ్ళు కలిస్తేనే పలచబడేది. రక్తమూ అంతే. కారిన వెంటనే చూస్తే ఉన్నదాని కంటే మంచి లెక్కే చూపిస్తుంది. ఒళ్ళు తన నీళ్ళు తాను కలుపుకోవడానికి కొంత సమయం పడుతుంది. కాబట్టి ఒకసారి చూసి ఊరుకోకూడదు, కాసేపాగి మళ్ళీ చూడాలి, మళ్ళీ చూడాలి. లెక్క దిగుతూ ఉంటే లోపల కారుతున్నట్టు. నేను ఒకసారి చూశాను. నాడి వేగాన్ని ఖాత్ మీదికి నెట్టేశాను. వాడు లేస్తానంటే సంతోషించాను కూడా, ఒక మంచం ఖాళీ అయిందని.

ఇది నీకు ఒక్కదానికే రాస్తున్నాను. మా పెద్ద డాక్టరుకు చెబితే, ఎవరైనా అలాగే చేసేవారు, నోరు మూసుకో అన్నాడు. నాజీ సంగతి నీకు తెలుసు. పిల్లలు చిన్నవాళ్ళు అక్కా. అబకర్‌ను విడిపించే దారి నేను చూస్తాను. ముర్షిద్‌కు పాత జబ్బు ఉండేదని, ఎవరి తప్పూ లేదని షేకుకు కాగితం పంపుతాను. నువ్వు ఔనంటే చాలు. అంతా విధి అని అందరికీ చెప్పు. నీ మాట వింటారు.

ముతహ్హర్

బైత్ మర్వాన్
షాబాన్ 9

తమ్ముడికి,

చదివాను. ముందు రెండు రకాతుల నమాజు చేశాను, తర్వాత మళ్ళీ చదివాను.

రా.

అమ్మ పోయాక నిన్ను వీపున కట్టుకుని నీళ్ళు మోశాను. నీ మీద ఈగ వాలితే ఓర్చుకోలేకపోయేదాన్ని. అయినా రా అంటున్నాను.

పాత జబ్బు అని రాయకు. విధి అని కూడా అనకు. ఆ మాట అనే హక్కు తఖియాది. ఆమె అంటే అది ఓర్పు. నువ్వంటే అది తప్పించుకోవడం.

నీ అక్క

హుదైదా
షాబాన్ 13

అక్కా,

సెలవు ఇవ్వడం లేదు. రంజాన్ పండుగ అయ్యాక వస్తాను, నా మాట నమ్ము. దారిలో కొండచరియలు పడ్డాయని కూడా అంటున్నారు. షేకుకు కాగితం నిన్ననే పంపాను, ముద్ర వేసి. అది చాలు, అబకర్‌ను వదిలేస్తారు. నిన్ను అడిగితే నాకు తెలియదు అను. అబద్ధం కాదు కదా, నువ్వు డాక్టరువి కాదు.

కోపం తెచ్చుకోకు.

ముతహ్హర్

బైత్ మర్వాన్
షాబాన్ 17

తమ్ముడికి,

నీ కాగితం వచ్చింది. షేకు అందరి ముందూ చదివించాడు.

నాజీ నవ్వాడు. "నా తమ్ముడికి జబ్బా? కాఫీ బస్తా భుజాన వేసుకుని ఈ మెట్లు పరిగెత్తి ఎక్కేవాడికి జబ్బా? మొదట నిండు రక్తం అన్నాడు. ఇప్పుడు పాత జబ్బు అంటున్నాడు. తీరంలో ఉప్పు తిని డాక్టరు కూడా తీరంవాడైపోయాడు. వాణ్ణి ఈ అబకర్ కొన్నట్టున్నాడు" అన్నాడు. నీ కాగితం అబకర్ మెడ మీద ఇంకో రాయి అయింది.

షేకు మనిషిని పంపి నన్ను అడిగించాడు. "నీ తమ్ముడు రాసింది నిజమేనా?" అని. నిజం కాదన్నాను. అయితే ఏది నిజం అని అడిగించాడు. శుక్రవారం లోపల చెప్తానన్నాను.

తర్వాత తఖియా దగ్గరికి వెళ్ళాను. తిరగలి తిప్పుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. నీ పదమూడున్నర, వాడి పదహారున్నర, భుజం నొప్పి, దాహం, అన్నీ. తిరగలి ఆపలేదు. జొన్నలు అయిపోయాయి, అయినా తిప్పుతూనే ఉంది.

"అయితే నా బిడ్డ నవ్వుకుంటూ వెళ్ళినప్పుడే లోపల పోతున్నాడా?"

అవునన్నాను.

"ఆ నల్లవాడు నీళ్ళిచ్చాడా?"

"అడిగినప్పుడల్లా ఇచ్చాడు."

అప్పుడు ఆపింది. "వదినా, నిండు రక్తం అని నువ్వు చెప్పిన రోజు నేను నిద్రపోయాను. ఆ నిద్ర నాకు తిరిగి ఎలా ఇస్తావు?" అంది.

లేవబోయాను. చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"నీ తమ్ముణ్ణి రమ్మను. నీ నోటితో కాదు, వాడి నోటితో నా గడప దగ్గర చెప్పమను. అప్పటిదాకా నాజీకి ఒక్క మాట పొక్కనివ్వను. శుక్రవారం దాకా. ఆ తర్వాత నేను మాట్లాడను, నా కొడుకే మాట్లాడతాడు."

కొండచరియలు పడలేదు. టాక్సీ రోజూ వస్తోంది.

నీ అక్క

హుదైదా
షాబాన్ 21

అక్కా,

గురువారం బండికి వస్తున్నాను. సెలవు అడగలేదు. నీ మరదలికి చెప్పాను. ఆమె నా చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

ఏం అనాలో దారిలో ఆలోచించుకుంటాను. నువ్వు వాకిట్లో ఉంటావా?

ముతహ్హర్

బైత్ మర్వాన్
రంజాన్ 4

తమ్ముడికి,

రంజాన్ దీవెనలు నీ ఇంటికి. క్షేమంగా దిగావని టాక్సీ అతను చెప్పాడు.

నువ్వు గడప దగ్గర చెప్పింది అందరూ విన్నారు. విధి అనలేదు. మంచం ఖాళీ అయిందని సంతోషించిన సంగతి కూడా దాచలేదు. ఏమన్నా సరేనని మొలలోని కత్తి తీసి షేకు ముందు పెట్టాక, తీర్పు విననివ్వకుండా నిన్ను పంపేశారు. అది ఇక్కడి పద్ధతి. విన్నది నేను. అందుకే రాస్తున్నాను.

నాజీ నీ ప్రాణం అడిగాడు. షేకు, ప్రాణానికి బదులు ఎద్దునూ దియా సొమ్మునూ ఇస్తే చాలన్నాడు. నాజీ ఒప్పుకోలేదు. తుపాకులు చేతుల్లోకి వచ్చాయి. అప్పుడు తఖియా తలుపు వెనకనుంచి మాట్లాడింది.

"ఆపండి. వాణ్ణి చంపితే కిందికి దిగిన మనవాళ్ళ రక్తం చూసేదెవరు? వాడికి ఇప్పుడు తెలిసింది. నా బిడ్డ ప్రాణం పెట్టి నేర్పించాడు. ఆ చదువు చంపుకుంటామా? చంపొద్దు. ఎద్దు వద్దు, సొమ్ము వద్దు. క్షమించమని నన్ను ఎవరూ అడగొద్దు, అది నా దగ్గర లేదు. నేను బతికున్నన్నాళ్ళు ఆ ముఖం ఈ కొండ మీద కనపడకూడదు. నేను పోయాక మీ ఇష్టం."

"అంతేనా అమ్మా? ఇంత తక్కువా?" అన్నాడు నాజీ.

"తక్కువో ఎక్కువో అక్కడ నిలబడింది చూడు, వాళ్ళక్క. ఆమెను అడుగు."

నాజీ నా వైపు చూశాడు. తుపాకి దించాడు. షేకు అదే తీర్పు అన్నాడు. నీ కత్తి తఖియా వాళ్ళ గోడకు వేలాడుతోంది.

అబకర్‌ను వదిలారు. వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి. స్టీరింగు పట్టదు. వెళ్ళేముందు నా గుమ్మం ముందు ఆగాడు. నీళ్ళు కావాలా అని అడిగాను. "వద్దమ్మా. ఈ ఊళ్ళో ఎవరి చేతి నీళ్ళూ తాగను, ఎవరికీ ఇవ్వను" అని నడిచి దిగాడు. అతన్ని వెతుకు. ఆ చెయ్యి చూపించు ఎవరికైనా. అది నీ బాకీ, నా బాకీ కూడా.

మన పైవీధి కాఫీ బేరగాడు హుదైదాలో మెట్ల మీద జారి మీ ఆసుపత్రికి వచ్చాడట. తిరిగొచ్చి మసీదు ముందు నిన్ను తిడుతున్నాడు. "ఏం డాక్టరయ్యా అతను? ఉపవాసం పూట మంచానికి కట్టేసినట్టు కూర్చోబెట్టాడు. గంట గంటకూ సూది. నీది ఏ ఊరు, ఎంత ఎత్తు అని ప్రశ్నలు. పొద్దున ఏం లేదు పొమ్మన్నాడు. ఏం లేకపోతే అన్నిసార్లు గుచ్చడమెందుకు?" తఖియా తన కిటికీలోంచి విన్నది. కిటికీ మూయలేదు.

ఇక మన సంగతి. నువ్వు ఎక్కకూడదు. ఈ గుండెతో నేను దిగలేను. తఖియా నాకంటే చిన్నది, మనిషి గట్టిది. లెక్క వేసుకుంటావు కదా, నేనూ వేసుకున్నాను. ఆ లెక్క నా మనసులో ఒకటి రెండు సార్లు తప్పు వైపు తిరిగింది. ఆమె దగ్గుతుంటే చెవి అటు పోయింది. అల్లా ముందు సిగ్గుపడ్డాను.

ఉపవాసం విప్పే వేళ అడిగింది అల్లా తోసిపుచ్చడంటారు. ఖర్జూరం నోట్లో పెట్టుకునే ముందు రోజూ ఒక్కటే అడుగుతున్నాను. తఖియాకు నిండు ఆయుష్షు ఇమ్మని, నాకంటే ఎక్కువ ఇమ్మని.

నువ్వూ అక్కడినుంచి ఆమీన్ అను.

నీ అక్క
అమతుల్లతీఫ్